నెలాఖరు ఖర్చులో పోషణ సాధ్యమేనా? అంగన్‌వాడీ పాఠం మీ వంటింటికి ఎంతవరకు పనికొస్తుంది

మీ ఇంట్లో గర్భిణి, బాలింత, లేదా మూడేళ్లలోపు బిడ్డ ఉంటే మీ వీధి అంగన్‌వాడీ నుంచి మీకు రెండు అందాలి. ఒకటి సరుకుల సంచి. రెండోది ఆ సరుకులతో, ఇంట్లో ఉన్నవాటితో ఏం వండాలి, ఎవరికి ఎంత పెట్టాలి అని చెప్పే పాఠం. సంచి సంగతి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దాదాపు అందరికీ తెలుసు. పాఠం సంగతి తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినా ‘అవి పల్లెటూళ్లకు, మరీ పేదవాళ్లకు’ అనుకుని పట్టణాల్లో చాలామంది వెళ్లరు. నిజానికి దీనికి ఆదాయ పరిమితి లేదు. తెల్లకార్డు ఉండాలన్న షరతూ లేదు. పట్టణ వార్డుల్లోనూ అంగన్‌వాడీలు ఉన్నాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అయిదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంతకు ముందు సర్వేలో ఈ రెండు అంకెలు 60, 31.4. అంటే నాలుగైదేళ్లలో పెద్దగా కదల్లేదు. ఆ ఏళ్లన్నీ రేషన్ బియ్యం అందుతూనే ఉన్నాయి. కడుపు నిండటానికీ, ఒంటికి పట్టడానికీ మధ్య ఉన్న తేడా ఇక్కడే ఉంది.

ఈ తరగతులు ఎప్పుడు, ఎక్కడ?

వీటికి ‘తరగతి’ అన్న పేరు ఉండదు కాబట్టే చాలామంది గుర్తించరు. 2018 మార్చి 8న మొదలైన పోషణ్ అభియాన్ కింద ప్రతి అంగన్‌వాడీ నెలకు రెండు సామూహిక కార్యక్రమాలు జరపాలి. గర్భిణులకు శ్రీమంతం, ఆరు నెలలు నిండిన బిడ్డలకు అన్నప్రాసన, పూర్వ ప్రాథమిక బడికి వచ్చే పిల్లల వేడుక, భర్తలకు అవగాహన... ఇలా ఒక్కోసారి ఒక్కో అంశం. పసుపు, కుంకుమ, గాజుల మధ్య జరిగేది అసలు పోషకాహార పాఠమే. ఒక్కో కార్యక్రమానికి కేటాయింపు రూ.250. ఆ డబ్బులో ఒక వంటకం చేసి చూపించాలంటే అంగన్‌వాడీ కార్యకర్త కూడా మీలాగే లెక్కలు వేసుకోవాల్సిందే.

ఇవి కాక నెలకోసారి ఆరోగ్య, పారిశుధ్య, పోషణ దినం ఉంటుంది. ఆ రోజు ఏఎన్ఎం, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్త ఒకే చోట ఉంటారు. టీకాలు, బరువు తూచడం, సలహాలు అన్నీ అక్కడే. ఏటా సెప్టెంబరును పోషణ మాసంగా జరుపుతారు. ప్రదర్శనలు, వంటల పోటీలు ఎక్కువగా ఉండేది అప్పుడే. ఆమదాలవలసలోని కృషి విజ్ఞాన కేంద్రం కూడా వ్యవసాయ విశ్వవిద్యాలయం తరఫున ఇలాంటి శిక్షణలకు వేదిక. అయితే అది రోజూ నడిచే తరగతి కాదు, కార్యక్రమం ఎప్పుడో ముందుగా కనుక్కుని వెళ్లాలి.

ఒక్క మాట. పాఠం బాగుందా లేదా అన్నది చాలావరకు చెప్పే మనిషిని బట్టి ఉంటుంది. బడి నడపడం, సరుకులు పంచడం, పిల్లల బరువులు తూచడం, యాప్‌లో నమోదులు, ఇవన్నీ ఒక్కరి మీదే. 2023 డిసెంబరు 12న మొదలైన అంగన్‌వాడీల సమ్మె 42 రోజులు సాగింది. అప్పటికి రాష్ట్రంలో కార్యకర్త గౌరవ వేతనం నెలకు రూ.11,500. కొన్ని కేంద్రాల్లో పాఠం గోడమీది బొమ్మ చూపించి అయిదు నిమిషాల్లో ముగిసిపోతోందంటే కారణం వెతుక్కుంటూ దూరం వెళ్లక్కర్లేదు.

ఆ పళ్లెం బొమ్మ ఖరీదెంత?

పోషకాహారం మాటెత్తితే కనిపించేది రంగుల పళ్లెం బొమ్మ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, రోజుకు 2,000 కిలోకేలరీలు అవసరమైన మనిషి పళ్లెంలో ఏవి ఎంత ఉండాలో లెక్క ఉంది. ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా మాంసాహారం 85, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు.

లెక్క సరైనదే. ఇప్పుడు దాన్ని బజారుకు తీసుకెళ్దాం. ఇంట్లో నలుగురు, నలుగురూ పెద్దవాళ్లే అనుకోండి. నెలకు పప్పు 10 కిలోలు పైన, కూరగాయలు 48 కిలోలు, పాలు 36 లీటర్లు కావాలి. కిలో పప్పు రూ.120, కూరగాయలు సగటున కిలో రూ.40, పాలు లీటరు రూ.60 వేసుకుంటే ఈ మూడింటికే రూ.5,300 అవుతుంది. పండ్లు, నూనె, గింజలు, గ్యాస్ ఇంకా లెక్కలోకి రాలేదు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి రూ.307. అంటే 17 రోజుల కూలి ఈ మూడు వస్తువులకే పోతుంది.

అందుకే ‘పాలు తాగండి, పండ్లు తినండి’ అని చెప్పి పంపించేస్తే అది పాఠం కాదు. వినేవాళ్లకు అది తెలియక కాదు, కుదరక తినడం లేదు. పనికొచ్చే పాఠం ఇంకోలా మొదలవుతుంది. బియ్యం ఎలాగూ మనిషికి 5 కిలోలు ఉచితంగా వస్తున్నాయి. చేతిలో ఉన్న కాస్త డబ్బులో ముందు ఏది కొనాలి, ఏది మానేయాలి, ఏది ఊరికే దొరుకుతుంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబిచ్చే తరగతికే వెళ్లండి. మీ కేంద్రంలో చెప్పకపోతే అడగండి.

రూపాయికి ఎన్ని గ్రాములు?

ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు, ఈ లెక్క మీరే వేసుకోవచ్చు. ఒక వస్తువులో ఉన్న ప్రొటీన్‌ను దాని ధరతో భాగించాలి. కింది ధరలు ఉదాహరణకే. మీ వీధి ధర వేసుకోండి.

ఉలవలు కిలో రూ.80 అయితే అందులో దాదాపు 220 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. రూపాయికి రెండున్నర గ్రాములు దాటింది. కందిపప్పులోనూ ప్రొటీన్ అంతే, కానీ ధర రూ.120 అయితే రూపాయికి 1.8 గ్రాములు. వేరుశనగ గుళ్లు కిలో రూ.140 అనుకుంటే అదీ దాదాపు అంతే. గుడ్డు రూ.6 అయితే రూపాయికి ఒక గ్రాము. లీటరు పాలు రూ.60 అయితే అర గ్రాము. ఇక పిల్లలు బలంగా పెరుగుతారంటూ టీవీలో చూపించే పొడి డబ్బా ఉంది. 400 గ్రాములు రూ.250 అనుకుందాం. లేబుల్ మీద 100 గ్రాములకు 10 గ్రాముల ప్రొటీన్ అని ఉంటే రూపాయికి వచ్చేది 0.16 గ్రాము. ఉలవలతో పోలిస్తే దాదాపు పదిహేడో వంతు. మిగతా డబ్బు చక్కెరకు, డబ్బాకు, ప్రకటనకు పోయినట్టు.

ఈ లెక్క ఒక్కటే పట్టుకుని గుడ్డు మానేయకండి. గుడ్డులోని ప్రొటీన్ ఒంటికి ఎక్కువగా పడుతుంది, చిన్నపిల్లలు తేలిగ్గా తింటారు, పప్పులో దొరకని బి12 అందులో ఉంది. పప్పు ప్రొటీన్‌లో ఉన్న లోటును అన్నం కొంత పూడుస్తుంది, అన్నంలో ఉన్న లోటును పప్పు పూడుస్తుంది. పప్పన్నం ఏళ్లుగా నిలిచింది ఊరికే కాదు. కానీ పళ్లెంలో అన్నం కొండంత, పప్పు నీళ్లంత ఉంటే ఆ లాభం రాదు. చాలా ఇళ్లలో నెలాఖరుకు జరిగేది అదే. పప్పు చారవుతుంది, చారు చింతపండు నీళ్లవుతుంది.

రేషన్‌లో సబ్సిడీ కందిపప్పు ఇచ్చిన నెల దాన్ని వదులుకోకండి. బియ్యంలో కాస్త రంగు తేడాగా కనిపించే గింజలుంటే ‘ప్లాస్టిక్ బియ్యం’ అనుకుని ఏరి పారేయకండి. అవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి తయారుచేసిన గింజలు. వందకు ఒకటి చొప్పున కలుపుతారు. ఏరేస్తే కలిపిన ప్రయోజనమే పోతుంది.

చోళ్లు, నెత్తళ్లు, ములగాకు

పాఠాల్లో రాగి జావ అంటే ఏదో కొత్త ఆరోగ్య పానీయంలా వింటున్నారు గానీ, ఉత్తరాంధ్రలో అవి చోళ్లు, అది అంబలి. పొలానికి వెళ్లేవాళ్లు పొద్దున్నే తాగి బయల్దేరిన తిండి. 100 గ్రాముల చోళ్లలో కాల్షియం దాదాపు 350 మిల్లీగ్రాములు. అంతే తూకం పాలలో ఉండేది దాదాపు 120. రోజూ పాలు కొనలేని ఇంటికి ఈ ఒక్క పోలికే చాలా విలువైనది.

ఇంకో సంగతి మనవాళ్లకే సరిగా తెలియదు. విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన స్థానం చోడి రకాలకు పేరుపడింది. అక్కడ రూపొందించిన రకాలకు చంపావతి, వేగావతి, సువర్ణముఖి, గోస్తని అని మన నదుల పేర్లే పెట్టారు. వేగావతి, అంటే వీఆర్ 929 రకంలో, కిలోకు 131.8 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుందని భారత వ్యవసాయ పరిశోధన మండలి లెక్క. మామూలు రకాల్లో అది 25. దుకాణంలో పిండి ప్యాకెట్ మీద రకం పేరు ఉండదు. కానీ ఊళ్లో పండించే చుట్టాలుంటే వచ్చే పంటకు ఏ విత్తనం వేస్తున్నారో అడగొచ్చు.

శ్రీకాకుళం జిల్లాకు రాష్ట్రంలోకెల్లా పొడవైన తీరం, 193 కిలోమీటర్లు, ఉంది. భావనపాడు, కళింగపట్నం, బారువ నుంచి అటు భోగాపురం, పూసపాటిరేగ వరకు ఎండు చేప సంతల్లో మామూలు సరుకు. ఎండు నెత్తళ్ల తూకంలో సగానికి అటూ ఇటూగా ప్రొటీనే. ముల్లుతో సహా తింటాం కాబట్టి కాల్షియం కూడా దక్కుతుంది. వంకాయలోనో గోంగూరలోనో గుప్పెడు వేస్తే నలుగురి కూర అవుతుంది. ఉప్పు పట్టించినవైతే వేడినీళ్లలో రెండుసార్లు కడగండి. బీపీ ఉన్నవాళ్లు తగ్గించుకోవాలి. వాసన వస్తుందని అద్దె ఇంట్లో వండనివ్వరన్నది ఇంకో బాధ. దానికి ఏ పాఠంలోనూ జవాబు లేదు.

ములగాకు, తోటకూర, బచ్చలి కుండీలో, డాబా మీద, పెరటి మూల పెరుగుతాయి. ఆషాఢంలో ములగాకు తినే అలవాటు ఉన్న ఇళ్లు దాన్ని ఏడాది పొడవునా కొనసాగిస్తే చాలు. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే తినేటప్పుడు నిమ్మరసం పిండుకోవాలి. తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సగం వృథా అవుతుంది. భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట తేడా పెట్టండి. ఇందులో అదనంగా ఒక్క రూపాయి ఖర్చు లేదు. తరగతిలో చెప్పే అన్నింటిలోకీ చవకైన సలహా ఇదేనేమో.

సంచిలో సరుకులు ఎవరి కడుపులోకి?

ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారుతూ వచ్చింది. 2013లో ఇందిరమ్మ అమృత హస్తం, 2020లో వైఎస్సార్ సంపూర్ణ పోషణ, ఇప్పుడు బాల సంజీవని. పేరు ఏదైనా ఒక మార్పు ముఖ్యమైనది. మొదట్లో గర్భిణి, బాలింత కేంద్రానికి వచ్చి అక్కడే వేడి భోజనం తినేవారు. 2023 జులై నుంచి సరుకులు ఇంటికే ఇస్తున్నారు. అప్పటి జాబితాలో నెలకు 3 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, అర లీటరు నూనె, 25 గుడ్లు, 5 లీటర్ల పాలు ఉన్నాయి. వీటితోపాటు రాగిపిండి 2 కిలోలు, అటుకులు కిలో, బెల్లం, చిక్కీ, ఎండు ఖర్జూరం పావుకిలో చొప్పున.

ఇందులో పప్పు, గుడ్లు, పాలు మాత్రమే లెక్కేస్తే నెలకు దాదాపు 530 గ్రాముల ప్రొటీన్. ఆమె ఒక్కతే తింటే రోజుకు 18 గ్రాములు. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం గర్భిణికి అదనంగా ఇవ్వాలన్నదీ 18 నుంచి 20 గ్రాములే. అదే సంచి నలుగురు పంచుకుంటే ఆమెకు దక్కేది నాలుగున్నర గ్రాములు. గుడ్లు అందరికీ కూరవుతాయి, పాలు అందరి టీలోకి వెళ్తాయి. కేంద్రంలో కూర్చుని తినే రోజుల్లో ఈ పంపకం జరిగేది కాదు. అయితే నిండు గర్భంతో ఎండలో రోజూ అంత దూరం నడవలేక మానేసినవాళ్లూ ఉన్నారు. రెండింటిలో ఏది మేలు అన్నది తేలిగ్గా తేలే వాదన కాదు.

ఉమ్మడి రాష్ట్రంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ 2007 ప్రాంతంలో ఒక పద్ధతి తెచ్చింది. మహిళా సంఘాలే పోషకాహార కేంద్రాలు నడిపేవి. గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు అక్కడే కలిసి తినేవారు, కుటుంబం కొంత ఖర్చు భరించేది. పాఠం, భోజనం ఒకే చాప మీద జరిగేవి. అందులో ఒక కిటుకు ఉంది. పదిమంది మధ్య కూర్చున్న కోడలు తన గుడ్డు తానే తింటుంది. ఇంట్లో అయితే అందరికీ పెట్టాక మిగిలింది తింటుంది.

కాబట్టి మీ ఇంట్లో మగవాళ్లు ఈ వార్త చదువుతుంటే వచ్చే కార్యక్రమానికి మీరూ వెళ్లండి. అత్తగారిని తీసుకెళ్లండి. ‘ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది’ అన్న మాట ఇంకా చాలా ఇళ్లలో నడుస్తోంది. బాలింతకు పథ్యం పేరుతో వారాల తరబడి వెల్లుల్లి కారం, పాత చింతకాయ పచ్చడి, అన్నం తప్ప పప్పు, ఆకుకూర, పండు పెట్టని ఇళ్లున్నాయి. బిడ్డకు పాలిచ్చే తల్లికి మామూలు కన్నా ఎక్కువ తిండి కావాల్సిన సమయం అదే. ఈ సంగతి కోడలికి చెప్పి ప్రయోజనం లేదు. వంటింటి మాట ఎవరిదో వాళ్లకు చెప్పాలి. వెల్లుల్లి కారం మానక్కర్లేదు, దాని పక్కన పప్పు, గుడ్డు పెడితే సరిపోతుంది.

గర్భిణికి ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు కూడా ఇంటిల్లిపాదీ గుర్తుచేయాల్సినవే. రోజుకొకటి చొప్పున కాన్పుకు ముందు 180 రోజులు, తర్వాత 180 రోజులు వాడాలి. కాల్షియం మాత్రతో కలిపి ఒకేసారి వేయకూడదు, ఒకదాన్ని ఇంకోటి పట్టనివ్వదు.

ఆరు నెలలు నిండిన బిడ్డ విషయంలో తరచూ జరిగే పొరపాటు పలుచన. సీసాలో పోసి తాగించేంత పలుచగా ఉన్న జావతో బిడ్డ పొట్ట నిండుతుంది, బలం రాదు. చెంచా వంచినా వెంటనే జారిపోనంత చిక్కగా ఉండాలి. మెత్తగా మెదిపిన పప్పన్నంలో చెంచాడు నూనె లేదా నెయ్యి, ఉడికిన గుడ్డు, మెదిపిన ఆకుకూర కలపొచ్చు. తల్లిపాలు ఆపక్కర్లేదు.

ఉద్దానంలో ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కుటుంబాల్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు చాలామంది. పైన చెప్పిన ‘పప్పు పెంచండి, ఆకుకూర పెంచండి’ సలహా వారికి వర్తించదు. జబ్బు ఏ దశలో ఉందో బట్టి ప్రొటీన్, పొటాషియం, ఉప్పు ఎంత తీసుకోవాలో వైద్యులే చెప్పాలి. ఎండు చేప కూడా అంతే. పలాసలో 2023 డిసెంబరు 14న ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రంలో ఈ విషయం అడిగి రాయించుకోండి. ఒకే పొయ్యి మీద గర్భిణికి ఒక రకం, కిడ్నీ రోగికి ఇంకో రకం వండాల్సి వస్తుంది. అది కష్టమే, కానీ తరగతిలో ముందుగా చెప్పకపోతే ఇంట్లో ఒకరికి మేలు చేసే పళ్లెం ఇంకొకరికి హాని చేస్తుంది.

పేరు ఎలా నమోదు చేయించాలి?

ఆధార్, తల్లీబిడ్డల రక్షణ కార్డు తీసుకుని మీ వార్డు అంగన్‌వాడీకి వెళ్లండి. కేంద్రం ఎక్కడుందో తెలియకపోతే ఆశా కార్యకర్తనో, వార్డు సచివాలయంలోనో అడగండి. పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదు చేస్తారు. 2025 జులై నుంచి ఇంటికిచ్చే సరుకులకు ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. ఇక్కడే చాలామంది ఆగిపోతున్నారు. ఆధార్‌కు పాత ఫోన్ నంబరు ఉంటే ఓటీపీ ఎవరికో వెళ్తుంది. కేంద్రానికి వెళ్లే ముందే నంబరు మార్పించుకోండి. మీ ఇంట్లో పనిచేసే మనిషి, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబం ఇలాగే ఆగిపోయి ఉండొచ్చు. ఆధార్ కేంద్రానికి తోడు వెళ్లడం మీకు గంట పని.

తొలి కాన్పు అయితే ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద రెండు విడతల్లో రూ.5,000 వస్తుంది. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే రూ.6,000. ఆ దరఖాస్తు గురించీ కేంద్రంలోనే అడగండి.

కాన్పుకు పుట్టింటికి వెళ్తున్నా, పని కోసం కుటుంబంతో విశాఖకో హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్తున్నా నమోదు పోదు. బయల్దేరే ముందు మీ కార్యకర్తకు చెబితే యాప్‌లో పేరును కొత్త కేంద్రానికి మార్చవచ్చు. చెప్పకుండా వెళ్తే పాత కేంద్రం జాబితాలో పేరు అలాగే ఉండిపోతుంది, కొత్త ఊళ్లో ‘మీరు ఇప్పటికే వేరేచోట ఉన్నారు’ అంటారు. వలసలు ఎక్కువున్న మన జిల్లాల్లో సంచి, పాఠం రెండూ తప్పిపోయేది ఎక్కువగా ఈ దగ్గరే.

వెళ్లిన ప్రతిసారీ బిడ్డ బరువు, ఎత్తు కార్డులో రాయించండి. గీత కిందికి వంగినా, రెండు నెలలుగా కదలకపోయినా, భుజం దగ్గర కొలిచే పట్టీ 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ చూపినా అది తిండి మార్చి చూద్దాం అనుకునే దశ కాదు. అదే రోజు ఏఎన్ఎంకు చూపించండి. అవసరమైతే వాళ్లే ఆసుపత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రానికి పంపుతారు.